జింకల రోడ్డు మీద రాత్రి డ్రైవింగ్: ఎక్స్‌ట్రా లైట్లు పెట్టిస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

కార్లైల్ నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. నేనుండేది పెన్సిల్వేనియాలో కార్లైల్, పని డోవర్ దగ్గర ఒక ప్లాంట్‌లో. సెకండ్ షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. రూట్ 74 మీద డిల్స్‌బర్గ్ దాటుకుని ఇంటికొస్తాను. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వీధి దీపాలుండవు, ఒక పక్క కోసేసిన మొక్కజొన్న పొలాలు, ఇంకో పక్క చెట్లు, మధ్యలో పోను ఒకటి రాను ఒకటి.

పోయిన గురువారం ఒక ఆడజింక నా ముందు నుంచి రోడ్డు దాటింది. బ్రేక్ వేశాను, అది వెళ్ళిపోయింది, హమ్మయ్య అనుకుని బ్రేక్ మీద నుంచి కాలు తీశానో లేదో దాని వెనకాలే ఇంకోటి వచ్చి కుడివైపు అద్దానికి కొట్టుకుని చీకట్లో కలిసిపోయింది. అద్దం లోపలికి మడుచుకుపోయింది. ఇంటికొచ్చి ఫోన్ లైట్ వేసి చూస్తే డోర్ హ్యాండిల్ సందులో బూడిదరంగు వెంట్రుకలు. కారు సంగతి అటుంచండి, నాకు చేతులు వణుకు తగ్గడానికి అరగంట పట్టింది.

కారు 2014 హోండా సీఆర్-వీ, మామూలు హాలోజెన్ లైట్లు. ఆన్‌లైన్‌లో 60 డాలర్లకి పొడుగాటి ఎల్‌ఈడీ లైట్ బార్ చూశాను, పైకప్పు మీద బిగించేది. లేదంటే కింద బంపర్‌లో ఫాగ్ లైట్లు పెట్టిద్దామా అని కూడా ఆలోచన. ఏది పనికొస్తుంది? మా ఆవిడైతే ఐ-83 హైవే మీద చుట్టూ తిరిగి రమ్మంటోంది. రోజూ అంత దూరం తిరగాలంటే ఒళ్ళు బద్ధకం.

మోర్గన్‌టౌన్ జీపు:
బ్రో, ముందు ఆ లైట్ బార్ కార్ట్‌లోంచి తీసెయ్. నేను వెస్ట్ వర్జీనియాలో ఉంటా, జింకని గుద్దే అవకాశం ఎక్కువున్న రాష్ట్రాల లిస్టులో దాదాపు ఏటా మాదే ఫస్ట్ ప్లేసు, అంచేత ఈ విషయంలో తగలేయాల్సిన డబ్బులన్నీ ఇప్పటికే తగలేశా. పైకప్పు మీద బార్ పెడితే వెలుగు మొదట పడేది నీ బానెట్ మీదే. అది తెల్లగా మెరుస్తుంది, దాంతో నీ కంటిపాప ముడుచుకుంటుంది, దగ్గరంతా పట్టపగల్లా ఉంటుంది, జింక ఉండే దూరంలో మాత్రం ముందుకన్నా చీకటి. మంచు పడుతుంటే ఇంకా ఘోరం, ముందు తెల్ల గోడ కట్టినట్టే. పైగా ఆ బార్లు రోడ్డు మీద వాడటానికి కాదని డబ్బా మీదే రాసి ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో రోడ్డెక్కితే వాటికి మూత వేసి ఉంచాలి. మీకు ఏటా ఇన్‌స్పెక్షన్ కూడా ఉంటుంది కదా, అక్కడ కూడా తలనొప్పే.

ఫాగ్ లైట్లు కూడా నీ పనికి రావు. వాటి వెలుగు వెడల్పుగా, కిందకి, దగ్గర్లోనే పడుతుంది. వాటి పనే అది. నీకు కావాల్సింది డ్రైవింగ్ లైట్లు. పేరు చూసి అన్నీ ఒకటే అనుకుంటారు గానీ రెండూ పూర్తిగా వేరు. లెన్స్ మీద ఎస్ఏఈ (బండ్ల ప్రమాణాలు రాసే సంస్థ) అని అచ్చు ఉందో లేదో చూడు, పక్కన ఎఫ్ అని ఉంటే ఫాగ్, వై అని ఉంటే డ్రైవింగ్. హై బీమ్‌కి తోడుగా దూరం కొట్టేవి వై వాళ్ళే.

వైరింగ్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. డాష్‌బోర్డులో విడిగా స్విచ్ పెట్టి వదిలేయొద్దు. రిలేకి (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) సిగ్నల్ హై బీమ్ వైరు నుంచి ఇయ్యి, కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి ఫ్యూజ్ వేసి లాగు. అప్పుడు ఎదురుగా బండి రాగానే నువ్వు డిమ్ చేస్తే ఆ రెండూ కూడా వాటంతటవే ఆరిపోతాయి. విడి స్విచ్ ఉంటే ఏదో ఒకరోజు మర్చిపోతావు, ఎదుటివాడి కళ్ళు పోతాయి. పెన్సిల్వేనియా రూలు ప్రకారం ఎదురొచ్చే బండి 500 అడుగుల్లో ఉంటే డిమ్ చెయ్యాలి, ముందు పోయే బండికైతే 300 అడుగులు.

విజిల్ వీరుడు:
ఇంత హడావిడి ఎందుకండీ, బంపర్‌కి అంటించే విజిళ్ళు దొరుకుతాయి, 10 డాలర్లు కూడా ఉండవు. నేను పెట్టుకుని ఆరేళ్ళయింది, ఒక్క జింక కూడా తగల్లేదు.

మోర్గన్‌టౌన్ జీపు:
నేను మెడలో ఏనుగు తోక వెంట్రుక కట్టుకుని తిరుగుతున్నా, నన్ను ఇంతవరకు ఒక్క ఏనుగూ తొక్కలేదు 😄 అన్నా, యూనివర్సిటీ ఆఫ్ జార్జియా వాళ్ళు కదిలే బండి మీద నుంచి రకరకాల శబ్దాలు వినిపించి చూశారు, జింకలు ఏ శబ్దానికీ తప్పుకోలేదు. 2009లోనే పేపర్ వచ్చింది.

లాన్సింగ్ అక్క:
తమ్ముడూ, ముందు ఒక ప్రశ్న. నీ హెడ్‌లైట్ అద్దాలు ఎలా ఉన్నాయి? 2014 కారంటే పసుపు తిరిగి మబ్బుపట్టి ఉంటాయి. ట్రిపుల్-ఏ (అమెరికా వాహనదారుల సంఘం) వాళ్ళు 2018లో పరీక్ష పెట్టి చూస్తే అలా పాడైన లైట్ల నుంచి వచ్చే వెలుగు కొత్తవాటితో పోలిస్తే 20 శాతమే. అంటే నీ దగ్గర లైట్లు లేక కాదు, ఉన్న వెలుగు ప్లాస్టిక్ దాటి బయటికి రావట్లేదన్నమాట. పాలిష్ కిట్ 20 డాలర్లకి దొరుకుతుంది. ఇసుక కాయితంతో తడిపి రుద్దేటప్పుడు ఇంకా పాడైపోయిందేమో అని భయమేస్తుంది, ఆపకుండా చివరిదాకా చెయ్యి. తర్వాత ఎండ నుంచి కాపాడే పైపూత తప్పకుండా వెయ్యి, లేకపోతే వేసవి అయ్యేలోపే మళ్ళీ పసుపు.

ఇంకోటి. హాలోజెన్ హెడ్‌లైట్ గిన్నెలో (వెలుగుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్) ఎల్‌ఈడీ బల్బు గుచ్చమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినొద్దు. ఆ గిన్నె వంపు హాలోజెన్ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి చేసింది, అందులో వేరేది పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి మొహాన కొడుతుంది, నీ రోడ్డు మీద మాత్రం పెరగదు.

నా సంగతి కూడా చెప్తా. మూడేళ్ళ కింద నవంబర్‌లో, గడియారం గంట వెనక్కి తిప్పిన వారం, సాయంత్రం ఆరున్నరకే కటిక చీకటి. కొత్త బండి, మంచి ఎల్‌ఈడీ లైట్లు, హై బీమ్ కూడా వేసే ఉంది. మగజింక ఎడమ పక్క కాలవలోంచి ఎగిరి నేరుగా నా బానెట్ మీదే దిగింది. ఏ లైటూ కాపాడలేదు, ఎందుకంటే అది రోడ్డు మీదకి వచ్చేదాకా కాలవలో ఉంది, వెలుగు దాని తల పైనుంచి పోయింది. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా వాటి జతకట్టే కాలం, మగవాటికి ఒళ్ళు తెలియదు. ఆ వెర్రిలో ఉన్నదానికి నీ లైటొకటి, నా లైటొకటి ఏంటి.

నేను స్టీరింగ్ తిప్పలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని. మా ఆఫీసులో ఒకతను తప్పిద్దామని తిప్పి చెట్టుకి కొట్టాడు, కాలర్ బోన్ విరిగింది. ఇన్సూరెన్స్‌లో కూడా తేడా ఉంటుంది. జింకని గుద్దితే కాంప్రహెన్సివ్ (మన చేతిలో లేని నష్టాలకి ఇచ్చే కవర్) కిందకి వస్తుంది, తప్పించబోయి చెట్టుని గుద్దితే కొలిజన్ (మనం దేన్నైనా ఢీకొంటే ఇచ్చే కవర్). నీ పాలసీలో కాంప్రహెన్సివ్ ఉందో లేదో ఈ రాత్రే తీసి చూసుకో. పాత కారు కదా అని చాలామంది తీసేయిస్తారు.

అచ్చంపేట నుంచి ఒహాయో:
అక్క చెప్పింది కరెక్టే. నాది నల్లమల పక్క ఊరు. మా దగ్గర శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ చెక్‌పోస్ట్ నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లనే వదలరు. అసలు పరిష్కారం అదే అనిపిస్తుంది నాకు, కానీ రూట్ 74కి గేటు వెయ్యమంటే ఎవరూ వెయ్యరు కదా.

చిన్నప్పుడు మా తాత చెప్పేవాడు, దొంగవేటగాళ్ళు రాత్రిపూట దుప్పి కళ్ళల్లోకి బ్యాటరీ లైటు కొడితే అది కొయ్యబారి నిలబడిపోతుందని. ఇక్కడ జింకలదీ అదే సంగతి. చీకట్లో వాటి కన్ను బాగా విచ్చుకుని ఉంటుంది, రెటీనా వెనక అద్దం లాంటి పొర కూడా ఉంటుంది (మనకి మెరుస్తూ కనపడేది అదే), ఒక్కసారిగా హై బీమ్ పడేసరికి దానికి ఏమీ కనపడదు. వచ్చేది బండి అని కూడా దానికి తెలియదు, రెండు తెల్లటి మంటలు కనిపిస్తాయంతే.

దీని మీద ఒక మంచి ప్రయోగం జరిగింది. అమెరికా వ్యవసాయ శాఖ వన్యప్రాణి పరిశోధకులు 2020లో ప్రచురించారు. అందరూ లైటు ముందుకి కొడతారు కదా, వీళ్ళు బండి ముందుభాగంలో చిన్న ఎల్‌ఈడీ బార్‌ని వెనక్కి తిప్పి పెట్టారు, అంటే బండి సొంత గ్రిల్ మీదే వెలుగు పడేలా. అప్పుడు జింకకి రెండు మంటలు కాకుండా ఒక పెద్ద వస్తువు తన మీదకి వస్తున్నట్టు కనిపిస్తుంది. హెడ్‌లైట్లు మాత్రమే ఉన్నప్పుడు బండి దగ్గరికొచ్చిన సందర్భాల్లో 35 శాతం ప్రమాదకరంగా మారితే, ఇది పెట్టాక 10 శాతానికి పడిపోయింది. ఎక్కువగా తగ్గింది కొయ్యబారిపోయి నిలబడేవే. షాపులో కొనుక్కునే సరుకు నాకైతే కనపడలేదు, ఇంట్లో తయారుచేసి రోడ్డెక్కమని నేను చెప్పట్లేదు. కానీ మనం ఎంతసేపూ మనకి జింక ఎలా కనపడాలా అనే ఆలోచిస్తాం, దానికి మనం ఎలా కనపడుతున్నామో ఆలోచించం, అందుకని చెప్పా.

లెక్కల మాస్టారు:
అందరూ లైట్ల గురించే చెప్తున్నారు, స్పీడు ఎంతో ఎవరూ అడగలేదు. 55 మైళ్ళ స్పీడులో బండి సెకనుకి 80 అడుగులు పోతుంది. చూసి, అది జింక అని తెలిసి, కాలు బ్రేక్ మీదకి వెళ్ళేసరికి ఒకటిన్నర సెకన్లు, అంటే 120 అడుగులు అక్కడే అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ తొక్కితే ఆగడానికి ఇంకో 145. మొత్తం 265 అడుగులు. అదే 45 అయితే మొత్తం 200 లోపే. హాలోజెన్ లో బీమ్‌తో 40 మైళ్ళ స్పీడుకే వెలుగు చాలకపోవచ్చని ట్రిపుల్-ఏ 2015 పరీక్షలో తేలింది. కాబట్టి లో బీమ్ మీద 55లో వెళ్తున్నవాడు కనపడని రోడ్డు మీదకి వెళ్తున్నట్టే. రూట్ 74లో ఆ టైముకి ఎదురుబండ్లు తక్కువే కదా, హై బీమ్ వేసే వస్తున్నావా అసలు?

కార్లైల్ నైట్‌షిఫ్ట్:
మాస్టారూ, దొరికిపోయాను. ఎదుటివాళ్ళకి ఇబ్బంది అని సగం దారి లో బీమ్ మీదే వస్తున్నాను, స్పీడు 55, ఒక్కోసారి 60. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

అక్కా, అద్దాలు మీరు చెప్పినట్టే ఉన్నాయి, సాయంత్రం వెళ్ళి చూస్తే పాత సీసా అడుగు లాగా. శనివారం కిట్ తెచ్చి రుద్దాను. ఒక లైటు రుద్దాక రెండోది అలాగే ఉంచి రాత్రి గోడ మీద కొట్టి చూశాను, తేడా చూసి మా ఆవిడ నవ్వింది, ఇన్నాళ్ళూ గుడ్డి దీపంతో తిరిగావా అని. గోడకి 25 అడుగుల దూరంలో నిలబెట్టి ఎత్తు కూడా చూశాను, ఎడమది బాగా కిందకి దిగిపోయి ఉంది. ఎప్పుడో బంపర్ మార్చినప్పుడు చెడిందనుకుంటా, స్క్రూ తిప్పి సరిచేశాను. పాలసీ కూడా తీశాను, కాంప్రహెన్సివ్ ఉంది, డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి కట్టేది) 1,000 డాలర్లు, సరే.

జీపు అన్నా, వై అచ్చు ఉన్న చిన్న డ్రైవింగ్ లైట్లు ఒక జత ఆర్డర్ పెడుతున్నాను. ఒక డౌట్, ఎల్‌ఈడీ తీసుకోనా హాలోజెనా?

మోర్గన్‌టౌన్ జీపు:
ఎల్‌ఈడీయే తీసుకో, కరెంటు తక్కువ లాగుతుంది. కానీ ఒకటి, ఎల్‌ఈడీ అద్దం వేడెక్కదు, అంచేత దాని మీద పడ్డ మంచు కరగదు. జనవరిలో షిఫ్ట్ దిగాక బండెక్కే ముందు చేత్తో తుడుచుకోవాల్సిందే. ఎత్తు మాత్రం బంపర్ దగ్గరే ఉంచు, పైకి పెట్టకు. బిగించాక మళ్ళీ గోడ మీద కొట్టి చూసుకో, హై బీమ్ మధ్య మచ్చ ఎక్కడుందో దాని మీదే ఇదీ పడాలి.

కార్లైల్ నైట్‌షిఫ్ట్:
అలాగే అన్నా. లైట్లు ఇంకా రాలేదు గానీ నిన్న రాత్రి రుద్దిన అద్దాలతో, హై బీమ్ వేసి, 45లో వచ్చాను. డిల్స్‌బర్గ్ దాటాక పొలం అంచున దూరంగా ఆకుపచ్చగా ఒక జత కళ్ళు. బాగా స్లో చేశాను. చూస్తే ఒకటి కాదు, ఐదు. నాలుగు దాటాయి, ఐదోది అక్కడే నిలబడి నన్నే చూస్తోంది. అచ్చంపేట అన్న మాట గుర్తొచ్చి ఒకసారి లైటు డిమ్ చేశాను. అదేం లెక్క చూసుకుందో గానీ తోక పైకెత్తి వెనక్కి పొలంలోకి పోయింది. వెనకాల ట్రక్కువాడు హారన్ కొట్టాడు.

మా ప్లాంట్‌లో ఒక ముసలాయనకి మొన్నటి కథ చెప్తే, అయ్యో, అది చచ్చిపడి ఉంటే గేమ్ కమిషన్‌కి (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) ఫోన్ చేసి మాంసం తెచ్చుకునేవాళ్ళం కదా, నాకెందుకు చెప్పలేదు అని నా మీదే కోప్పడ్డాడు.