తాతగారి డబుల్ బ్యారెల్‌ను బావకు ఇచ్చేయవచ్చా?

ప్రశ్న (ధర్మవరం నుంచి): మా తాతగారు పోయి నాలుగు నెలలైంది. ఆయన లైసెన్సు మీద ఉన్న 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ, కొన్ని తూటాలు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. మాలో ఎవరికీ లైసెన్సు లేదు. కడపలో ఉన్న బావకు ఉంది, కొంటానంటున్నాడు. స్టాంపు కాగితం మీద రాసి ఇచ్చేస్తే చాలా?

జవాబు: చాలదు అన్నా. లైసెన్సు తాతగారి పేరున ఉన్నది, ఆయనతోనే ముగిసింది. ఇప్పుడు ఆ తుపాకీ మీ ఇంట్లో ఉండటమే చట్టవిరుద్ధం. ముందు మీ ఠాణాకు ఫోను చేసి చెప్పండి. తరువాత తూటాలు తీసి విడిగా పెట్టుకుని, లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రంతో వెళ్లి తుపాకీని అప్పగించండి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ అడిగేది ఇదే. లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గరైనా డిపాజిట్ చేయవచ్చు. రసీదులో తుపాకీ నంబరుతో పాటు తూటాల లెక్క కూడా రాయించుకోండి.

బయలుదేరే ముందు నంబరు సరిచూసుకోండి. మా నాన్నగారి తుపాకీ అప్పగించిన రోజు పుస్తకంలో చివరి అంకె 3, ఇనుము మీద చూస్తే 8. గంటసేపు అందరం తల పట్టుకున్నాం. కొబ్బరినూనె గుడ్డతో తుప్పు తుడిచి, టార్చి వేసి చూస్తే అది 3 అని తేలింది. ఆ పని ఇంట్లోనే చేసుకుని వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో.

అప్పగించినంత మాత్రాన తుపాకీ మీది కాకుండా పోదు. వారసుల్లో ఒకరు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, మిగతా వారసుల అంగీకార పత్రాలు సిద్ధంగా పెట్టుకోవాలి. లేదా అర్హత ఉన్న మీ బావకు అమ్మించి ఆ డబ్బు మీరు తీసుకోవచ్చు. అయితే 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక మనిషికి రెండు తుపాకులే. ఆయన దగ్గర ఇప్పటికే రెండుంటే ఈ దారి మూసుకున్నట్టే. అలాగని ఏళ్ల తరబడి ఠాణాలో వదిలేయకండి, గడువు దాటితే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు.

ఇంకొకటి. పాత పుస్తకం మీద అనంతపురం కలెక్టర్ ముద్ర ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మీరు శ్రీ సత్యసాయి జిల్లా, కాబట్టి దరఖాస్తు విషయం పుట్టపర్తి కలెక్టరేట్‌లో అడగండి.

మరొక ప్రశ్న (నంద్యాల నుంచి): మా నాన్నగారికి 72 ఏళ్లు, లైసెన్సు ఉంది. ఆయన ఉండగానే నాకు ఇవ్వవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన ఇందుకే ఉంది. యజమానికి 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా వారసుడు లైసెన్సు కోరవచ్చు. మీకు 21 నిండి ఉండాలి. లైసెన్సు చేతికి వచ్చేదాకా తుపాకీ ఆయన దగ్గరే ఉండాలి. బయటివారికి అమ్మదలిస్తే మాత్రం, కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టర్‌కు గానీ దగ్గరి ఠాణా అధికారికి గానీ రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాకే అప్పగించాలి. ఆ ఉత్తరం నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకోండి. గొట్టాన్ని విడిగా ఇచ్చినా ఇవే షరతులు, ఎందుకంటే చట్టం దృష్టిలో విడిభాగమూ ఆయుధమే. తోలు సంచి, తుడిచే కడ్డీ మామూలు సామానే.

ధర్మవరం నుంచి: ఈ ఉదయం అప్పగించాం అన్నా. రసీదులో నంబరు రాశారు, తూటాల సంగతి రాయలేదు. మీ మాట గుర్తొచ్చి అడిగితే మళ్లీ లెక్కపెట్టి రాశారు: 11.