కేబుల్ మెషిన్‌లో బలం కోసం ఏ ఎక్సర్‌సైజులు పెట్టుకోవాలి?

ప్రశ్న
వారానికి మూడు రోజులు స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ నడుస్తున్నాయి. అవి అయ్యాక కేబుల్‌కి ఇరవై నిమిషాలే మిగులుతాయి. ఏవి చేస్తే ఉపయోగం? ఇంకో సందేహం: లాట్ పుల్‌డౌన్‌లో 40 కిలోలు గట్టిగా ఉంటే, రెండు కేబుళ్ల మెషిన్‌లో అదే 40 తేలిగ్గా వచ్చేస్తోంది. ఎందుకు?

జవాబు 1
ముందు ఆ 40 సంగతి. తేడా కప్పీల్లో ఉంది. లాట్ పుల్‌డౌన్‌లో చాలావరకు పిన్ (బరువు ఎంచుకోవడానికి వెయిట్లలో గుచ్చే కడ్డీ) దగ్గర ఎంత ఉంటే చేతికీ అంతే. రెండు కేబుళ్ల వాటిలో సాధారణంగా కదిలే కప్పీ ఉంటుంది కాబట్టి ఒక్కో చేతికి 20 మాత్రమే పడుతుంది, బదులుగా కేబుల్ రెట్టింపు దూరం వస్తుంది. హ్యాండిల్‌ని 60 సెం.మీ. లాగి చూడండి. వెయిట్లు 30 సెం.మీ. లేస్తే అది సగం మెషిన్. నోట్‌బుక్‌లో బరువు పక్కన ఏ మెషినో కూడా రాసుకోండి.

ఇక ఎంపిక. డంబెల్ ఎప్పుడూ కిందికే లాగుతుంది, కేబుల్ మాత్రం కప్పీ ఉన్న వైపు లాగుతుంది. మీ మూడు లిఫ్టుల్లో పైనుంచి కిందికి లాగడం, ఎదుటినుంచి ఒంటివైపు లాగడం లేవు. కాబట్టి లాట్ పుల్‌డౌన్, సీటెడ్ రో తప్పనిసరి: చెరి 3 సెట్లు, సెట్‌కి 6–10 రెప్స్ (అన్నిసార్లు లాగడం). పుల్‌డౌన్‌లో తొడల మీది ప్యాడ్ బిగించి, బార్‌ని ఛాతీ పైభాగానికి తెచ్చి, 2–3 సెకన్లలో పైకి వదలండి. వెనక్కి బాగా వాలిపోతున్నారంటే బరువు ఎక్కువైందనే, అది రో అయిపోతుంది.

మూడోది ఫేస్ పుల్, అంటే రోప్‌ని ముఖం వైపు లాగడం. కప్పీ కళ్ల ఎత్తులో, రోప్‌తో, 12–15. మోచేతులు భుజాల ఎత్తులో ఉండాలి. అవి కిందికి జారితే బరువు తగ్గించాల్సిందే.

జవాబు 2
పై అన్న చెప్పినవాటికి ఒంటిచేతి లాటరల్ రైజ్ (చేతిని పక్కకి ఎత్తడం) కలపండి. కప్పీని వేలాడే చేతి మణికట్టు ఎత్తులో పెట్టి, కేబుల్ ఒంటికి అడ్డంగా వచ్చేలా పక్కకి నిలబడండి. డంబెల్‌తో మొదట్లో భారమే తెలియదు, ఇక్కడ మొదటినుంచే పడుతుంది. చిక్కంతా వెయిట్లు 5 కిలోల చొప్పున పెరగడంలో ఉంది, భుజానికి అది పెద్ద దూకుడు. 10 నుంచి 15 రెప్స్‌కి చేరాకే పిన్ మార్చండి. 1.25 కిలోల అయస్కాంత ప్లేట్ దొరికితే ఇంకా మంచిది.

నిలబడి చేసే కేబుల్ చెస్ట్ ప్రెస్ వద్దు. బరువు పెరిగేకొద్దీ ఛాతీ కంటే ముందు కాళ్లు పట్టు తప్పుతాయి. బెంచ్ ఉండగా దాని అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. డెడ్‌లిఫ్ట్ రోజే రో చేయొచ్చా?

జవాబు 3
బెంచ్ రోజుకి మార్చుకోండి. డెడ్‌లిఫ్ట్ తర్వాత నడుము అలిసి ఉంటుంది, రోలో నడుము ఊపేస్తారు. డెడ్‌లిఫ్ట్ రోజు పుల్‌డౌన్, పాలాఫ్ ప్రెస్ చాలు. పాలాఫ్‌కి కప్పీ ఛాతీ ఎత్తులో పెట్టి, మెషిన్‌కి పక్కగా నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి 2–3 సెకన్లు ఆపండి, వైపుకి 8–10. నడుము తిరగకూడదు.

సెట్ మొదలుపెట్టే ముందు పిన్ పూర్తిగా లోపలికి వెళ్లిందా, హ్యాండిల్ దగ్గర కేబుల్ పైపూత చిట్లి లోపలి తీగలు కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తే ఆ మెషిన్ ముట్టుకోవద్దు, ట్రైనర్‌కి చెప్పండి.