నెలకి ఇన్ని కిలోమీటర్లు అని టీమ్ టార్గెట్ – లెక్క ఎలా పెడుతున్నారు మీరంతా?

పర్లాకిమిడి_పెడల్:

నమస్తే అందరికీ. మాది పర్లాకిమిడి, ఓ పదిమందిమి కలిసి తొక్కుతాం, సగంమంది తెలుగోళ్లం, సగంమంది ఒడియా భాయినాలు. పొద్దున్న ఎండ ముదరకముందే పాతపట్నం మీదగా టెక్కలి రోడ్డెక్కడమో, లేదంటే కాశీనగర్ వైపు ఎల్లి వంశధార చూసి వచ్చీడమో. ఇంతవరకు బానే ఉంది. సంక్రాంతి తర్వాత నుంచి నెలకి టార్గెట్ అని పెట్టుకున్నాం, అందరికీ ఒకటే, 400 కిలోమీటర్లు. గోల అక్కడ మొదలైంది.

వాట్సాప్ గ్రూప్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు పెడతారు, ఒకరు స్క్రీన్‌షాట్, ఒకరు "ఈరోజు 32" అని మెసేజ్, ఒకాయనైతే వాయిస్ నోట్ (నిజంగానే), మధ్యలో గుడ్ మార్నింగ్ బొమ్మలు, నెలాఖరికి ఎవడో ఒకడు కూర్చుని పైదాకా స్క్రోల్ చేసుకుంటూ గూగుల్ షీట్‌లో ఎక్కించాలి. ఎక్కించాక టోటల్ చూస్తే తప్పు. స్ట్రావాలో (రైడ్లు రికార్డ్ చేసే యాప్) క్లబ్ పెట్టాం గానీ అందులో వారం లెక్కే కనిపిస్తంది, నెల లెక్క రాదు.

అసలు బాధ అది కూడా కాదు. మా వాడొకడు నెలకి 700 ఈజీగా లాగేస్తాడు, ఇంకో మేస్టారున్నారు, బడి, ఇల్లు, పిల్లలు, ఆయనకి 100 దాటితే గొప్ప. లిస్టులో ప్రతి నెలా కింద పేరు ఆయనదే. రెండు నెలలు చూసి ఆయన మెసేజ్‌లు పెట్టడం మానీసేరు, ఇప్పుడు పొద్దున్న రావడం కూడా తగ్గిపోయింది. ఇది పోటీ కాదండీ మేస్టారూ అని ఎంత చెప్పినా లిస్టు మాత్రం పోటీ లాగే ఉంటది కదా.

ఇంకా డౌట్లు: ఇంట్లో ట్రైనర్ (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద తొక్కింది కలపాలా? బజారుకి కూరలకి వెళ్లింది కలపాలా? మీ గ్రూపుల్లో ఏటి చేస్తన్నారో చెప్పండి.

బరంపురం_గేర్లు:

అన్నా ముందు షీట్ సంగతి తేల్చేద్దాం, అది ఒక్క సాయంత్రం పని. టోటల్ ఎందుకు తప్పు వస్తుందో నాకు చూడకుండానే తెలుసు, మీవాళ్లు సెల్‌లో "32కిమీ" అని కొట్టుంటారు. పక్కన అక్షరం ఉంటే షీట్ దాన్ని అంకె కింద తీసుకోదు, టెక్స్ట్ అనుకుని సమ్‌లో వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. గుర్తుపట్టడం తేలిక, మామూలుగా అంకెలు సెల్‌లో కుడివైపు సర్దుకుంటాయి, టెక్స్ట్ ఎడమవైపు ఉంటుంది, ఎడమకి అంటుకున్నవన్నీ దొంగ అంకెలే.

రెండోది తేదీ. షీట్ లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్న సెట్టింగ్) అమెరికా మీద ఉంటే 05/08 అని కొడితే ఆగస్టు 5 కాదు, మే 8 అని తీసుకుంటుంది. 12 దాటిన తేదీలకి ఆ నెల లేదు కాబట్టి అవి మళ్లీ టెక్స్ట్ అయిపోతాయి. అంటే సగం రైడ్లు వేరే నెలల్లోకి, సగం గాల్లోకి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియా పెట్టండి.

అసలు షీట్‌లో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి. గూగుల్ ఫారం చేసి లింక్ వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చెయ్యండి. పేరు డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోవాలి (టైప్ చెయ్యనిస్తే ఒకే మనిషి మూడు స్పెల్లింగుల్లో ముగ్గురవుతాడు), రైడ్ తేదీ, కిలోమీటర్లు. కిలోమీటర్ల దగ్గర అంకె మాత్రమే తీసుకునేలా వేలిడేషన్ పెడితే "32కిమీ" బాధ పోతుంది. ఫారం తనంతట తానే ఒక టైమ్‌స్టాంప్ వేస్తుంది గానీ అది ఫారం నింపిన టైమ్, రైడ్ టైమ్ కాదు, అందుకే తేదీ విడిగా అడగాలి, మనవాళ్లు 31 నాటి రైడ్‌ని 2వ తేదీన తీరిగ్గా ఎక్కిస్తారు. ఇంకో ట్యాబ్‌లో పేర్లు వరసగా రాసి సమ్‌ఇఫ్స్ ఫార్ములా పెట్టండి, పేరు ఇది అయ్యుండాలి, తేదీ నెల మొదటి రోజు నుంచి చివరి రోజు లోపల ఉండాలి, అంతే. మీ ఒడియా ఫ్రెండ్స్ కోసం ప్రశ్నలు రెండు భాషల్లో రాసెయ్యండి, మా గ్రూప్‌లో అలాగే ఉంది.

స్ట్రావా క్లబ్ లీడర్‌బోర్డ్ సోమవారం నుంచి ఆదివారం లెక్క, ఈ వారం, పోయిన వారం, అంతకంటే వెనక్కి పోదు. నాలుగు వారాలు కలిపితే నెల అవుతుందిలే అనుకుంటారు, నెల బుధవారం మొదలైతే ఆ మొదటి వారం అటూ ఇటూ చీలిపోతుంది. కాబట్టి క్లబ్ సరదాకి ఉంచుకోండి, లెక్కకి ఫారం. ఇంకోటి, రైడ్‌ని "నాకు మాత్రమే" అని ప్రైవేట్‌లో పెట్టినవాళ్ల కిలోమీటర్లు క్లబ్ బోర్డులో చేరవు. ఇంటి అడ్రస్ కనపడకుండా మ్యాప్ చివర్లు దాచుకున్నా కిలోమీటర్లు తగ్గవు, ఆడవాళ్లు ఎవరైనా టీమ్‌లో ఉంటే ఈ సంగతి చెప్పండి, మా దగ్గర ఇద్దరు ఆ భయంతోనే స్ట్రావా వాడలేదు.

రాయగడ_రైడర్:

వాయిస్ నోట్‌లో కిలోమీటర్లు చెప్పే ఆయన్ని మాత్రం గ్రూప్‌లోంచి తీసెయ్యకండి సార్, అలాంటోళ్లుంటేనే టీమ్ 😂

జయపురం_ఘాట్:

షీట్లు ఫారాలు అన్నీ కరెక్టే గానీ నేను అసలు కిలోమీటర్ అనే కొలతనే ఒప్పుకోను. మాది జయపురం, ఇక్కడ నుంచి కొరాపుట్ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు, కానీ మధ్యలో ఘాట్. కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది, మేం దానికి చాలా కింద. ఆ ఎక్కుడులో గంటకి తొమ్మిదో పదో వస్తుంది, నాలుక బయటికి వస్తుంది. అదే గంటలో బరంపురం వాళ్లు గోపాల్‌పూర్ రోడ్డు మీద గాలి వెనకనుంచి తోస్తుంటే ఇరవై నాలుగు ఇరవై ఐదు కొట్టి బీచ్‌లో టీ తాగేస్తారు. ఇద్దరం గంటే తొక్కాం, లిస్టులో మాత్రం వాళ్లు మాకు డబుల్. కోపం కాదు, లెక్క చెప్తున్నా 🙂

అందుకని మేం గంటలు లెక్కపెడతాం. నెలకి ఇన్ని గంటలు అని, అదీ మూవింగ్ టైమ్, టీ కొట్టు దగ్గర కూర్చున్నది కాదు. మీ మేస్టారి లాంటి వాళ్లకి ఇదే న్యాయం, నెమ్మదిగా తొక్కేవాడికి శిక్ష ఉండదు. ట్రైనర్ గొడవ కూడా దీంతో పోతుంది, ట్రైనర్ మీద కిలోమీటర్ అంటే ఏముంది, రెసిస్టెన్స్ తగ్గిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది, గంట మాత్రం ఎక్కడైనా గంటే.

కిలోమీటర్లే కావాలి అని పట్టుబడితే ఎక్కిన ప్రతి 100 మీటర్లకి 1 కిలోమీటర్ కలుపుకోండి. ఇది సైన్సేం కాదు, మా గ్రూప్‌లో తగాదా ఆపడానికి పెట్టుకున్న రూలు.

సిరొంచ_ప్రాణహిత:

మాది మహారాష్ట్ర దిక్కు, గడ్చిరోలి జిల్లా సిరొంచ. బ్రిడ్జి దాటితే కాళేశ్వరం, ఆదివారం ఆదివారం అటే పోతం. గంటలు మంచిదే గాని కొత్తగ వచ్చినోళ్లకు కిలోమీటర్ అంటేనే ఊపు వస్తది, అది తీసేస్తే సగం మజా పోతది. అందరికి ఒకటే టార్గెట్ పెట్టుడే అసలు తప్పు అన్నా.

మేమేం చేస్తున్నమంటే, ఎవరి టార్గెట్ వాళ్లదే. పోయిన మూడు నెలల సగటు తీసి దానికి కొంచెం కలుపుతం. లిస్టుల కిలోమీటర్లు పెట్టం, శాతం పెడతం. ఇప్పుడు మీ 700 ఆయన కాకుండ ఇంకొకాయన ఉన్నడనుకో, ఆయన టార్గెట్ 440, తొక్కింది 420, అంటే 95 శాతం చిల్లర. మీ సార్ టార్గెట్ 150, తొక్కింది 165, అంటే 110 శాతం. లిస్టుల సార్ పైన ఉంటడు! మొదటి నెల పైన పేరు చూసుకున్నంక ఆయన మానమన్నా మానడు.

శాతానికి 120 దగ్గర బేడీ వెయ్యుర్రి. 150 టార్గెట్ ఉన్నోడు 180 దాక తొక్కితే లెక్క, ఆపైన తొక్కింది ఆయన ఆరోగ్యానికి. లేకపోతే తెలివిగల్లోళ్లు రెండు నెలలు కావాలని తక్కువ తొక్కి సగటు దించుకుని మూడో నెల 200 శాతం చూపిస్తరు, ఉంటరు అసొంటోళ్లు ప్రతి టీమ్‌ల.

ఎండలది కూడా చూసుకోవాలె. మా చంద్రపూర్, గడ్చిరోలి ఎండ తెలుసు కదా, మే నెలల పొద్దున ఏడున్నరకే రోడ్డు మీద నిలబడలేం, అప్పుడు ఫిబ్రవరి టార్గెట్ పెడితే మనుషులు పడిపోతరు. మే, జూన్‌కు సగం చేస్తం. మీ దిక్కు తుఫాన్లు కదా?

బరంపురం_గేర్లు:

@సిరొంచ_ప్రాణహిత శాతం ఐడియా బావుంది అన్నా, 120 దగ్గర ఆపడం మాత్రం నాకు నచ్చలేదు. మాలో ఒకాయన 200 కిలోమీటర్ల బీఆర్ఎంకి (టైమ్ లిమిట్ ఉన్న లాంగ్ రైడ్) ప్రిపేర్ అవుతున్నాడు, పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, అలాంటి వాడు ఆ నెల కావాలనే ఎక్కువ తొక్కుతాడు, ఆయన్ని ఆపితే ఎలా?

తుఫాన్ల గురించి అడిగారు, అక్టోబర్ అంటే మాకు భయమే. 2013 ఫైలిన్ గోపాల్‌పూర్ మీదే దాటింది, 2018 తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని చితక్కొట్టింది, రెండూ అక్టోబర్‌లోనే. అక్టోబర్ టార్గెట్ తక్కువ పెట్టి నవంబర్‌లో తీర్చుకోవడమే.

సిరొంచ_ప్రాణహిత:

ఆయన్ని ఎవరు ఆపుతున్నరు, తొక్కనీ. మొత్తం కిలోమీటర్ల కాలమ్ పక్కకు వేరే పెట్టుర్రి, అండ్ల ఆయన రాజు. శాతం కాలమ్‌ల మాత్రం 120. ఒక్కడే 300 శాతం చేస్తే టీమ్ సగటు మంచిగ కనిపిస్తది, నలుగురు ఇంట్ల పండుకున్నా తెల్వది, అది దాచుడే కదా.

పర్లాకిమిడి_పెడల్:

అందరికీ థాంక్స్ అండీ, ఇంత రాస్తారనుకోలేదు. లొకేల్ చెక్ చేశాను, అమెరికానే ఉంది 🤦 శాతం పద్ధతి మేస్టారికి ఫోన్ చేసి చెప్పాను, "నా టార్గెట్ నేనే పెట్టుకుంటానా" అని రెండుసార్లు అడిగేరు, వచ్చీ నెల నుంచి వస్తానన్నారు. ఘాట్ గారి గంటల లెక్క కూడా ఒక కాలమ్ పెడతాం, మహేంద్రగిరి వైపు ఎల్లిన రోజులకి అదే కరెక్టు.

అన్నట్టు ఆ మహేంద్రగిరి గురించే ఇంకో డౌట్. కొండల్లో సిగ్నల్ ఉండదు కదా, అక్కడ తొక్కిన కిలోమీటర్లు పోతన్నాయని మావాళ్లు అంటన్నారు. ఒకే రోడ్డు మీద ఇద్దరం పక్కపక్కనే ఎల్తే ఒకడికి 48, ఒకడికి 41 వచ్చింది. అలాగే మా వాడికి చక్రానికి మ్యాగ్నెట్ ఉన్న పాత కంప్యూటర్ ఉంది, దానికి అందరికంటే ఎప్పుడూ ఎక్కువే వస్తంది. ఏది నమ్మాలి?

జయపురం_ఘాట్:

సిగ్నల్‌కీ జీపీఎస్‌కీ సంబంధం లేదు సార్. జీపీఎస్ శాటిలైట్ నుంచి వస్తుంది, నెట్ లేకపోయినా రికార్డ్ అవుతూనే ఉంటుంది, ఊళ్లోకి వచ్చాక అప్‌లోడ్ అవుతుంది. ఆ 41 వచ్చిన ఆయన మ్యాప్ తెరిచి చూడండి, రోడ్డు వంపులు వదిలేసి పక్షి ఎగిరినట్టు ఒక చోట తిన్నగా గీత ఉంటుంది. ఫోన్ బ్యాటరీ ఆదా చేస్తున్నానని వెనకాల యాప్‌ని చంపేసింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టాలి, లొకేషన్ ఎప్పుడూ ఆన్ ఉండాలి, బ్యాటరీ సేవర్ ఆపాలి. కొన్ని ఫోన్లలో అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇది మళ్లీ మొదటికొస్తుంది, రైడ్ ముందు ఓసారి చూసుకోమనండి.

రాయగడ_రైడర్:

మ్యాగ్నెట్ కంప్యూటర్‌ది నేను చెప్తా, మా నాన్న సైకిల్‌కి కూడా అదే ఉంది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, మనం ఇచ్చిన చుట్టుకొలతతో గుణిస్తుంది, అంతకంటే దానికి ఏం తెలీదు. 700 బై 25 టైరుకి దాదాపు 2105 మిల్లీమీటర్లు, 700 బై 32కి 2155. ముందు లావు టైరు ఉండి తర్వాత సన్నది వేయించుకుని సెట్టింగ్ మార్చలేదనుకోండి, 400 తొక్కితే 409 పైనే చూపిస్తుంది. ఎప్పుడూ ఎక్కువే వస్తుందంటే తొంభై శాతం ఇదే.

చార్ట్ కూడా నమ్మక్కర్లేదు, గాలి ఎంత కొట్టారు, ఎంత బరువున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. టైరుకి మామూలుగా కొట్టే గాలి కొట్టి, సెన్సర్ ఉన్న చక్రం వాల్వ్ సరిగ్గా కిందకి వచ్చేలా నిలబెట్టి నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. ఆయన సైకిల్ ఎక్కి కూర్చోవాలి, ఇంకొకళ్లు పట్టుకుని తిన్నగా తోయాలి, వాల్వ్ మళ్లీ కిందకి వచ్చిన చోట ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపుతో మిల్లీమీటర్లలో కొలిచి అదే అంకె కంప్యూటర్‌లో కొట్టండి. మనిషి ఎక్కకుండా ఖాళీ సైకిల్ తోస్తే అంకె కొంచెం ఎక్కువొస్తుంది, బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి.

ఇది సెట్ చేశాక ట్రాక్ గీత తెగిపోయిన రోజుల్లో ఫోన్ కంటే ఆ కంప్యూటర్‌నే నమ్మండి. బజారుకి కూరలకి వెళ్లింది కూడా కలపమనే నా ఓటు, సైకిల్ మీదే కదా వెళ్లారు, స్కూటర్ మీద కాదు కదా!

బరంపురం_గేర్లు:

కూరల రైడ్‌కి నా ఓటు కూడా. ట్రైనర్‌ది వేరే కాలమ్. ఇంకా డేటా పిచ్చి ఉన్నవాళ్లెవరైనా మీ టీమ్‌లో ఉంటే ఎడింగ్టన్ నంబర్ అలవాటు చెయ్యండి, 1919 గ్రహణంలో నక్షత్రాల వెలుతురు వంగడం కొలిచిన ఆ ఖగోళ శాస్త్రవేత్తే, సైకిల్ పిచ్చోడు. ఆయనది 84, అంటే 84 వేర్వేరు రోజుల్లో కనీసం 84 మైళ్ల చొప్పున తొక్కాడు. మనం కిలోమీటర్లలో పెట్టుకుందాం, 30 రోజులు 30 కిలోమీటర్లు తొక్కితే మీ నంబర్ 30. దీనికి నెల లేదు, వారం లేదు, ఎప్పుడూ తగ్గదు, మీ మేస్టారు సెలవుల్లో తొక్కినా కలుస్తుంది.

ఫారం టెంప్లేట్ కావాలంటే మెసేజ్ పెట్టండి, పేర్లు తీసేసి కాపీ ఇస్తా. లొకేల్ ఇండియానే ఉంది అందులో.