న్యూయార్క్ సెంటు పేపర్లు: పేదల గొంతా, పేదలతో వ్యాపారమా?

అక్షర:
1880, 90ల నాటి న్యూయార్క్ పేపర్ల మాట వస్తే చాలు, ‘ఎల్లో జర్నలిజం’, అంటే సంచలనం కోసం రాసే రాతలు అని కొట్టిపారేస్తారు. అది అన్యాయం అని నా వాదన. జోసెఫ్ పులిట్జర్ 17 ఏళ్లప్పుడు హంగరీ నుంచి వలస వచ్చిన కుర్రాడు. ఇంగ్లిష్ అక్కడికి వచ్చాకే నేర్చుకున్నాడు. 1883లో నష్టాల్లో ఉన్న ‘వరల్డ్’ పత్రికను కొని, లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో బతికే వలస జనానికి అర్థమయ్యేలా మార్చాడు. చిన్న వాక్యాలు, పెద్ద హెడ్‌లైన్లు, బొమ్మలు.

1885 సంగతి చూడండి. లిబర్టీ విగ్రహం పెట్టెల్లో రాబోతోంది గానీ, దాన్ని నిలబెట్టే పీఠానికి డబ్బు లేదు. ఊళ్లో ఉన్న కోటీశ్వరులు ముందుకు రాలేదు. పులిట్జర్ మామూలు జనాన్ని అడిగాడు. ఎంత ఇచ్చినా సరే, ఇచ్చిన ప్రతివాళ్ల పేరూ పేపర్లో వేస్తానన్నాడు, వేశాడు. దాదాపు ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటాయి. లక్ష మందికి పైగా ఇచ్చారు, చాలామంది ఇచ్చింది ఒక డాలరు కన్నా తక్కువే. గుడ్డలు కుట్టి బతికే మనిషి తన పేరు అచ్చులో చూసుకోవడం చిన్న విషయమా?

న్యూజెర్సీ రావు:
అక్షర గారూ, పేరు వేస్తే కాపీ కొంటారు. అందులో సేవ ఎంతో, సర్క్యులేషన్ లెక్క ఎంతో విడదీయలేం. అసలు రంగు 1895లో విలియం రాండాల్ఫ్ హర్స్ట్ అనే ఇంకో పత్రికాధిపతి వచ్చి, పోటీ పేపర్ ‘జర్నల్’ కొన్నాక బయటపడింది. ఆయన ఒక సెంటుకు అమ్మితే మరుసటి ఏడాది పులిట్జర్ కూడా సెంటుకు దిగాడు. ఒకరి దగ్గరి రచయితలను ఇంకొకరు ఎక్కువ జీతమిచ్చి లాక్కున్నారు. పసుపు చొక్కా పిల్లాడి బొమ్మలు గీసే అవుట్‌కాల్ట్‌ను కూడా అలాగే పట్టుకుపోయారు. ‘ఎల్లో’ అన్న పేరు ఆ బొమ్మ నుంచే వచ్చిందంటారు.

తర్వాత 1898 ఫిబ్రవరి 15న అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న క్యూబాలోని హవానా రేవులో అమెరికా యుద్ధనౌక ‘మెయిన్’ పేలి 260 మందికి పైగా చనిపోయారు. విచారణ మొదలు కాకముందే జర్నల్ అది శత్రువు పనేనని మొదటి పేజీలో తేల్చేసింది. దోషిని పట్టిచ్చిన వాళ్లకు 50,000 డాలర్లంది. శవాల మీద కాపీలు అమ్ముకోవడాన్ని పేదల గొంతు అని ఎలా అంటాం?

సుజాత కె.:
మెయిన్ విషయంలో జర్నల్ చేసింది తప్పే. కానీ ఆ తర్వాత స్పెయిన్‌తో జరిగిన యుద్ధం మొత్తం హర్స్ట్ తెచ్చాడంటే నేను ఒప్పుకోను. ‘మీరు బొమ్మలు పంపండి, యుద్ధం నేను సమకూరుస్తా’ అని ఆయన క్యూబాలో ఉన్న తన చిత్రకారుడికి టెలిగ్రాం కొట్టాడన్న కథకు ఆధారం ఒక విలేకరి 1901లో రాసుకున్న జ్ఞాపకాలే. ఆ టెలిగ్రాం ఎవరికీ దొరకలేదు. అమెరికా నౌకాదళం విచారణ కోర్టు కూడా బయటి నుంచి మందుపాతరే పేల్చిందని చెప్పింది.

నాకు ముఖ్యం నెల్లీ బ్లై అనే విలేకరి. 1887లో వరల్డ్ కోసం పిచ్చిదానిలా నటించి బ్లాక్‌వెల్స్ ద్వీపంలోని ఆడవాళ్ల పిచ్చాసుపత్రిలో పది రోజులు ఉంది. పాడైన తిండి, చన్నీళ్ల స్నానాలు, ఇంగ్లిష్ రాని పాపానికి లోపల పడేసిన వలస ఆడవాళ్లు... ఇవన్నీ రాసింది. గ్రాండ్ జ్యూరీ (మామూలు పౌరులతో కూడిన బృందం) విచారణ జరిగింది, అలాంటి ఆసుపత్రులు నడిపే శాఖకు నిధులు పెరిగాయి. రావు గారూ, అది సంచలనమే. సంచలనం కాకుండా రాసుంటే ఆ గోడల వెనక ఆడవాళ్ల గురించి ఎవరు చదివేవారు?

ఇంకో పక్క జేకబ్ రీస్ అనే విలేకరి ఉన్నాడు. రాత్రిళ్లు చెప్పాపెట్టకుండా పేదల గదుల్లోకి దూరి ఫ్లాష్ పొడి వెలిగించి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల వల్ల కదలిక వచ్చింది, నిజమే. కానీ నిద్రలో ఉలిక్కిపడిన ఆ మొహాలను అనుమతి అడిగింది ఎవరు? దీనికి నా దగ్గర జవాబు లేదు.

బెజవాడ శీను:
అందరూ పేపర్లో ఏం రాశారన్నదే మాట్లాడుతున్నారు. ఆ పేపర్ అమ్మిన పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు.

వీధుల్లో అరిచి అమ్మే కుర్రాళ్లు వంద కాపీలు 50 సెంట్లకు కొని, ఒక్కోటి సెంటుకు అమ్మేవాళ్లు. మిగిలితే వెనక్కి తీసుకునేవాళ్లు కాదు, నష్టం పిల్లాడిదే. 1898లో యుద్ధం వార్తలతో అమ్మకాలు పెరిగాయని వందకు 60 చేశారు. యుద్ధం అయ్యాక మిగతా పేపర్లు తగ్గించాయి. వరల్డ్, జర్నల్ తగ్గించలేదు. అంటే 50 కాపీలకు వచ్చే అసలు ఇప్పుడు 60 అమ్మితే గానీ రాదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో తెల్లారుజామున బస్టాండులో పేపర్లు అమ్మాను. మా ఏజెంటు కూడా రిటర్న్ తీసుకునేవాడు కాదు. వాన పడి ఇరవై కాపీలు మిగిలాయంటే ఆ రోజు టిఫిన్ లేనట్టే. అందుకే ఈ పది సెంట్ల తేడా నాకు లెక్కలా కాదు, కడుపులో తెలుస్తుంది.

1899 జులైలో ఆ పిల్లలు ఆ రెండు పేపర్లూ ముట్టుకోం అని సమ్మెకు దిగారు. బండ్లు తిరగేశారు, కట్టలు చింపేశారు, బ్రూక్లిన్ వంతెన దగ్గర ట్రాఫిక్ ఆపేశారు. అదే పేపర్లు అమ్మే ఆడవాళ్ల జోలికి మాత్రం పోకూడదని అనుకున్నారు. ఇర్వింగ్ హాల్ సభకు వేలమంది వచ్చారు. కిడ్ బ్లింక్ అనే కుర్రాడు అక్కడ అడిగిన మాట: వందకు పది సెంట్లు కోటీశ్వరుడికి మా కంటే ఎక్కువ ఎలా అవుతాయి? వరల్డ్ రోజుకు 3,60,000 కాపీల నుంచి 1,25,000కు పడిపోయింది.

పేదవాడి పేరు అచ్చు వేసిన అదే పులిట్జర్, తన పేపర్ మోసే పేదపిల్లాడి దగ్గర ఆ పది సెంట్లు వదులుకోలేకపోయాడు. నా వాదన ఇదొక్కటే.

అక్షర:
శీను గారూ, దీనికి నేను అడ్డు చెప్పలేను. ఒక్కటి మాత్రం అడుగుతా. కిడ్ బ్లింక్ మాటలు ఇవాళ మనకు ఎలా తెలుసు? పోటీ పేపర్లు ఆ సమ్మెను రోజూ రాశాయి కాబట్టే కదా. పత్రికల మధ్య ఆ పోటీ లేకపోతే ఆ పిల్లల గొడవ వీధిలోనే అణిగిపోయేది.

న్యూజెర్సీ రావు:
పోటీదారుణ్ని దెబ్బకొట్టడానికి రాశారు. పిల్లల మీద ప్రేమతో కాదు. పైగా సమ్మె ముగిసేసరికి ధర 60 సెంట్ల దగ్గరే ఉండిపోయింది. ఓడిపోయారు.

బెజవాడ శీను:
ఎందుకు రాశారన్నది మీరు చెప్పినట్టే కావచ్చు. కానీ ఓడిపోయారు అనొద్దు రావు గారూ. ధర తగ్గలేదు, నిజమే. మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోవడానికి మాత్రం రెండు పేపర్లూ ఒప్పుకున్నాయి. దాని విలువ అమ్మినవాడికి తెలుస్తుంది. నాకు ఆ వీలు ఉండుంటే ఇంకో ఏడాది ఆ పని చేసేవాణ్ణి. రెండో వానాకాలానికే మానేశాను.