డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

పాతబండి63:
నా కారు 1963 మోడల్. బ్యాటరీని ఛార్జ్ చేసేది లూకాస్ సి40 డైనమో, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ ఆర్‌బి106 కంట్రోల్ బాక్స్, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి). వైరింగ్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. పగలు తిరిగితే ఏ గొడవా లేదు. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని ఓ గంట తిరిగి ఆపితే, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను మూలుగుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఛార్జింగ్ ఎర్రలైటు మినుకుమినుకుమంటుంది. బ్యాటరీ వేసి ఏడాది కూడా కాలేదు. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే చూస్తే 12.3 వోల్టులు. ఇంజను రేజ్ చేసినా బ్యాటరీ మీద 12.9 దాటడం లేదు. మా మెకానిక్ "ఆల్టర్నేటర్ వేసేద్దాం, పీడా పోతుంది" అంటున్నాడు. నాకేమో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాత్రిప్రయాణం:
మెకానిక్ చెప్పిందే సరైనది అంటాను. లెక్క వేసుకోండి. హెడ్‌లైట్లు రెండూ కలిపి 120 వాట్లు అనుకుంటే 10 ఆంపియర్లు. వెనక లైట్లు, నంబర్ ప్లేటు లైటు, మీటర్ల లైట్లు కలిపి ఇంకో 2 లేదా 3. ఇగ్నిషన్‌కి 4 దాకా. వాన పడితే వైపర్, చలేస్తే హీటర్ ఫ్యాన్. అన్నీ కలిస్తే 20 దాటేస్తుంది. సి40 ఇచ్చేదే గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు. స్లోలో దాదాపు ఏమీ ఇవ్వదు. అదే లూకాస్ 17ఏసీఆర్ ఆల్టర్నేటర్ అయితే 36 ఆంపియర్లు, స్లోలోనూ ఎంతో కొంత ఇస్తుంది. 1960 మోడల్ వేలియంట్ కారులోనే క్రిస్లర్ వాళ్లు డైనమో మానేసి ఆల్టర్నేటర్ పెట్టారు. ఊరికే పెట్టారా?

మీటరు_ముందు:
లెక్క తప్పని అనను. కానీ ఆయన అడిగిన ప్రశ్న వేరు. రేజ్ చేసినా 12.9 దాటడం లేదంటున్నారు. మంచి డైనమో, మంచి రెగ్యులేటర్ ఉంటే లైట్లన్నీ ఆపేసి చూస్తే 14 దరిదాపుల్లో ఉండాలి. 22 ఆంపియర్లు చాలవా అన్న చర్చ తర్వాత చేద్దాం. ఆ 22 బ్యాటరీ దాకా వస్తున్నాయా లేదా అన్నది ముందు తేల్చాలి.

పాతబండి గారూ, ఫ్యాన్ బెల్ట్ చూశారా? మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువ దిగాలి. అది సరిగ్గా ఉంటే, డైనమో మీద పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ విప్పేసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరు ముక్కతో కలపండి. మీటరు ఒక చివర అక్కడ, రెండోది డైనమో బాడీకి. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా వేగం పెంచండి. వోల్టేజీ తడబడకుండా పైకి పోవాలి. 20 దాటనివ్వొద్దు, ఎక్కువ రేజ్ చెయ్యొద్దు. అసలు ఏమీ చూపించకపోతే బ్రష్‌లు చూడాలి. 1 వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్ మీద, 5 దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ మీద అనుమానపడాలి.

గ్రీజుచేతులు:
బ్యాటరీ టెర్మినల్ పీకేసి ఇంజను ఆగుతుందా లేదా చూడమని ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్తున్నా, ఆ పని చెయ్యకండి. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అయితే డయోడ్లు ఆ క్షణంలోనే పోవచ్చు. డైనమో బండిలోనూ వోల్టేజీ అదుపు తప్పి బల్బులు మాడిపోతాయి.

ఇంకోటి. స్లోలో ఎర్రలైటు మినుకుమనడం డైనమో బండికి జబ్బు కాదు, దాని స్వభావమే అంత.

పాతబండి63:
బెల్ట్ బాగానే ఉంది. డి, ఎఫ్ కలిపి చూశాను. వేగం పెంచుతూ పోతే గబగబా 18కి ఎక్కింది, భయమేసి ఆపేశాను. అంటే డైనమో మంచిదేనా?

మీటరు_ముందు:
నిక్షేపంలా ఉంది. వైర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టేసి, ఇప్పుడు హెడ్‌లైట్లు వేసి ఇంజను 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మూడు కొలతలు కావాలి. డి టెర్మినల్‌కీ డైనమో బాడీకీ మధ్య ఎంత? డి టెర్మినల్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఎంత? డైనమో బాడీ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి ఎంత? మీది పాజిటివ్ ఎర్త్ కాబట్టి ఆ చివరిది ఎర్త్ దారి. మీటరు మొన బ్యాటరీ క్లాంపు మీద కాదు, అది పట్టుకున్న బ్యాటరీ పోస్టు మీద పెట్టండి.

గ్రీజుచేతులు:
మీటరు తీసే ముందు ఒక్క ప్రశ్న. పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు చోక్ కేబుల్ ముట్టుకుంటే వేడిగా ఉంటోందా?

పాతబండి63:
అయ్య బాబోయ్, మీకెలా తెలుసు? ఆ వేడి ఇంజనుదే అనుకున్నాను.

కొలతలు ఇవి: డైనమో దగ్గర 13.9. డి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.4. డైనమో బాడీ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి 0.9. బ్యాటరీ మీద 12.6.

మీటరు_ముందు:
13.9లో 1.3 దారిలోనే పోతోంది. అందులో 0.4 కంట్రోల్ బాక్స్, పాత వైర్లు తినేది, దాన్ని క్షమించొచ్చు. ఎర్త్ దారిలో 0.9 మాత్రం ఘోరం. 0.2 లోపు ఉండాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కదా, బాడీతో దానికి ఉన్న సరైన కనెక్షన్ ఒక్క అల్లిక పట్టీయే. అది తెగినా తుప్పు పట్టినా కరెంటు దొరికిన దారి పట్టుకుంటుంది. మీ బండిలో ఇంజను నుంచి డ్యాష్‌బోర్డు దాకా పోయే చోక్ కేబుల్ దొరికింది.

గ్రీజుచేతులు:
అదే నేనడిగింది :)

రాత్రిప్రయాణం:
సరే, ఎర్త్ పట్టీ బాగుచేసుకోండి, ఎవరు కాదన్నారు. అయినా నా మాట నాదే. స్లోలో ఏమీ ఇవ్వని యంత్రాన్ని పెట్టుకుని రాత్రి ట్రాఫిక్‌లో తిరగడం దండగ.

మీటరు_ముందు:
ఒక్కటి ఒప్పుకోండి. ఆయన మెకానిక్ మాట విని ఆల్టర్నేటర్ వేసి ఉంటే, అదే పట్టీ దాన్నీ మింగేది. పైగా 36 ఆంపియర్లు చోక్ కేబుల్ గుండా పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

పాతబండి63:
పట్టీ విప్పాను. బాడీ వైపు లగ్గు కింద పెయింటు! ఎప్పుడో బండికి రంగు వేసినప్పుడు దాని మీదే బిగించేశారు. పైగా అల్లికలో సగం పోగులు పచ్చగా పొడి అయిపోయాయి. కొత్త పట్టీ వేసి, రెండు వైపులా మెరిసేదాకా గీకి, వాజ్‌లైన్ రాసి బిగించాను. ఇప్పుడు ఎర్త్ దారిలో 0.1. లైట్లు వేసి 2,000లో బ్యాటరీ మీద 13.4. సెల్ఫ్ మొదటి దెబ్బకే పట్టుకుంది.

రాత్రిప్రయాణం గారూ, మీరన్నదీ చూశాను. లైట్లు వేసి స్లోలో ఉంచితే 12.1కి పడిపోతోంది. మీరు చెప్పిందీ అబద్ధం కాదు.

రాత్రిప్రయాణం:
హమ్మయ్య, ఒకరన్నా ఒప్పుకున్నారు. రోజూ రాత్రి తిరిగే బండి అయితే ఇవాళ కాకపోతే రేపైనా మార్చక తప్పదు.

గ్రీజుచేతులు:
మార్చే రోజు వస్తే గుడ్డిగా బోల్టులు బిగించేయకండి. మామూలు ఆల్టర్నేటర్ నెగటివ్ ఎర్త్‌కే పని చేస్తుంది, బ్యాటరీ తిప్పాల్సిందే. అప్పుడు ఇగ్నిషన్ కాయిల్ వైర్లు అటుదిటు చెయ్యాలి. పాత రేడియో ఉంటే అది కాలిపోకుండా చూసుకోవాలి. పాత కంట్రోల్ బాక్స్‌కి ఇక పని ఉండదు. 22 ఆంపియర్ల కోసం వేసిన మెయిన్ వైరు 36 మోయలేదు, లావు వైరు వేరే వేయాలి. డ్యాష్‌బోర్డులో ఆమీటరు ఉంటే కరెంటు మొత్తం దాని లోపలినుంచే పోతుందని మర్చిపోవద్దు. అన్నిటికంటే చిన్నది ఎర్రలైటు బల్బు. ఆల్టర్నేటర్‌ని మేల్కొలిపేది దాని గుండా పోయే కరెంటే. అది మాడితే స్లోలో ఛార్జింగే మొదలవకపోవచ్చు. చాలామంది బల్బు మార్చకుండా ఆల్టర్నేటర్ మార్చేస్తారు.

పాతబండి63:
నేను రాత్రిపూట తిరిగేది వారానికి ఒకసారి. ప్రస్తుతానికి డైనమోనే ఉంచుతాను. సిగ్నల్ దగ్గర హీటర్ ఫ్యాన్ ఆపుకుంటాను. వెనక లైట్లకు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఒక ఆంపియరైనా మిగులుతుందా?

మీటరు_ముందు:
దాదాపు అంతే మిగులుతుంది. పాజిటివ్ ఎర్త్‌కి పనిచేసేవే కొనండి, అన్నీ వెలగవు. ఇండికేటర్లకు మాత్రం వద్దు, వాటిని మినుకుమనిపించే పాత ఫ్లాషర్ ఎల్‌ఈడీలతో లయ తప్పుతుంది. బ్యాటరీని ఒక రాత్రి బయటి ఛార్జర్‌కి పెట్టి పూర్తిగా నింపండి, 12.6 దాకా రావాలి. వారం తర్వాత పొద్దున్నే మళ్లీ కొలిచి ఆ అంకె ఇక్కడ పెట్టండి.