సూది దిక్సూచి ఒక్కో జట్టుకు ఒక్కోలా తిరుగుతోంది, కారణం ఏమిటి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, చీపురుపల్లి దగ్గరి పల్లె)

అందరికీ నమస్కారం. ఆరో తరగతి పిల్లలకు అయస్కాంతాల పాఠం చెబుతూ, పాడైన స్పీకర్లోంచి తీసిన బిళ్ల అయస్కాంతంతో కుట్టుసూదులను రుద్దించి, వాటిని థర్మోకోల్ ముక్కలకు గుచ్చి, మధ్యాహ్న భోజనం పళ్లేల్లో నీళ్లు పోసి తేలించాను. ఐదు జట్లలో రెండింటి సూదులు ఉత్తర దక్షిణాలుగానే నిలిచాయి గాని, ఒకదాని మొన ఉత్తరానికి, మరొకదాని మొన దక్షిణానికి తిరిగింది. మిగిలిన మూడూ పళ్లెం అంచుకు పోయి అతుక్కున్నాయి. "ఏది నిజం టీచర్?" అని ఒక పాప అడిగితే, పొద్దు పొడిచే దిక్కు చూపించి ఆ పూటకు గట్టెక్కాను. అసలు కారణాలు తెలుపగలరు.

జవాబు 1 (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం)

అమ్మా, మీ పిల్లల సూదులు రెండూ నిజమే చెప్పాయి. స్పీకర్ బిళ్లకు ధ్రువాలు రెండు చదును ముఖాల మీద ఉంటాయి కనుక, ఒక జట్టు ఒక ముఖంతోనూ, మరో జట్టు రెండో ముఖంతోనూ రుద్ది ఉంటారు. ఉత్తర ధ్రువంతో కన్ను నుంచి మొన వైపుగా రుద్దితే మొన దక్షిణ ధ్రువమై దక్షిణానికి తిరుగుతుంది. బిళ్లను దారంతో నిలువుగా వేలాడదీసి, ఉత్తరానికి తిరిగిన ముఖానికి గోళ్లరంగు చుక్క పెట్టించండి. ఒకే దిశలో ముప్పై నలభై సార్లు రుద్దాలి, వెనక్కి వచ్చేటప్పుడు బిళ్లను పైకెత్తాలి.

అంచుకు పోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. కొన్ని రకాల స్టీలును అయస్కాంతం పట్టుకుంటుంది, కొన్నింటిని పట్టుకోదు. పళ్లేనికి బిళ్ల ఆనించి చూస్తే తెలిసిపోతుంది. రెండోది నీటి గుణం: అంచు దగ్గర నీరు కాస్త పైకి పాకడం వల్ల తేలే ముక్క అటే జారుతుంది. రుద్దని సూదిని కూడా తేలించి చూడండి. అదీ అంచుకే పోతే తప్పు నీటిది. అప్పుడు ప్లాస్టిక్ గిన్నెను పొంగేంత నింపి, ఇనుప కాళ్ల బల్ల మీద కాక నేల మీద పెట్టండి.

జవాబు 2 (ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. అయస్కాంతం దేన్ని పట్టుకుంటుందో పిల్లలకు చూపడానికి ఇనుపరజను కొనకండి. కళింగపట్నం ఒడ్డున అల వెనక్కి వెళ్లాక మిగిలే నల్లటి చారల ఇసుకను ఆరబెట్టి, బిళ్లను పలచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో తిప్పితే మాగ్నటైటు (అయస్కాంతానికి అతుక్కునే నల్లటి ఇనుప ఖనిజం) రేణువులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుంటాయి. సంచిలోంచి బిళ్లను తీసేస్తే అన్నీ రాలిపోతాయి. నల్లగా ఉన్నవన్నీ అంటుకోవు, ఇల్మనైటు అనే మరో నల్ల ఖనిజం చాలావరకు మిగిలిపోతుంది. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం కూడా అంతే. "నల్లనివన్నీ ఇనుమే" అని ముందే పందెం కాసిన మా పిల్లలు అక్కడే తగువులాడుకున్నారు.

జవాబు 3 (ఒక తల్లి, బొబ్బిలి)

బొమ్మల్లో వచ్చే మెరిసే చిన్న గుండ్రటి అయస్కాంతాలు మాత్రం తరగతికి తేకండి. రెండు మింగితే కడుపులో పేగుల గోడలను మధ్యన బిగించి చిల్లులు పడేలా చేస్తాయి. మింగారన్న అనుమానం కలిగినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, రుద్దని సూది కూడా అంచుకే పోయింది; పళ్లేన్ని మా బిళ్ల పట్టుకోనే లేదు. గిన్నె నిండా నీళ్లు పోయగానే ఐదు సూదులూ నడిమికి వచ్చి ఒకే వరుసలో నిలిచాయి. ఈ శనివారం నల్ల ఇసుక తెప్పిస్తున్నాను.