నాయనతో కంకర దారిలో సైకిల్: క్రామ్‌వెల్ నుంచి క్లైడ్ దాకా తొక్కగలడా?

ప్రశ్న (ఆక్లాండ్ నుంచి)

అందరికీ నమస్కారం. అమ్మా నాయనా డిసెంబర్‌లో నందికొట్కూరు నుంచి మా దగ్గరికి వస్తున్నారు. నాయనకు 63 ఏళ్ళు. పొలానికైనా అంగడికైనా అట్లాస్ సైకిల్ మీదే తిరిగిన మనిషి. ఊళ్ళో ఆటోలు, ట్రాక్టర్లు ఎక్కువయ్యాక భయపడి సైకిల్‌ను వసారాలో పెట్టేశాడు. ఫోన్ చేసినప్పుడల్లా "అక్కడ సైకిల్ తొక్కనిస్తారా?" అని అడుగుతున్నాడు. ఆక్లాండ్ రోడ్ల మీద నాకే ధైర్యం చాలదు.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని సెంట్రల్ ఒటాగోలో నది పక్కన, ద్రాక్షతోటల మధ్య కార్లు రాని దారులున్నాయని విన్నాను. లేక్ డన్‌స్టన్ ట్రయల్ అనే సైకిల్ దారి ఫొటోల్లో కొండ అంచున బిగించిన చెక్క వంతెనలు చూసేసరికి టెన్షన్ మొదలైంది. ఆ దారి క్రామ్‌వెల్ నుంచి క్లైడ్ దాకా 42 కిలోమీటర్లు అంటున్నారు. ఆయన తొక్కగలడా? కంకర మీద జారుతుందా? ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవాలా? ఇంకోటి, మా ఇంట్లో వైన్ ఎవరూ ముట్టరు. అలాంటివాళ్ళకు ఆ తోటల్లో ఏముంటుంది?

జవాబు (క్వీన్స్‌టౌన్ నుంచి)

తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే మొదటి రోజే ఆ 42 కిలోమీటర్లూ పెట్టుకోవద్దు. మా మామగారిని అలాగే తీసుకెళ్ళాను. ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి గానీ, లోయ పక్కన చేతులు బిగుసుకుపోయి సగం దారి సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. క్రిస్మస్ రోజుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి సైకిళ్ళు ముందే బుక్ చేసుకోండి.

జవాబు (డునెడిన్ నుంచి)

తమ్ముడూ, ఈ దారుల్లో నేను ఆరేళ్ళుగా తొక్కుతున్నాను. మీ నాయన లాంటివాళ్ళ కోసమే వీటిని వేశారా అనిపిస్తుంది నాకు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు క్లైడ్‌లో దిగండి. అక్కడి నుంచి అలెగ్జాండ్రాకు రెండు దారులున్నాయి. ఒకటి పాత రైలు కట్ట. ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయల్ అంటారు. పట్టాలు తీసేసి, 2000లో సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ తెరిచారు. మొత్తం 152 కిలోమీటర్లు ఉంటుంది గానీ మీకు కావలసింది చివరి 8 కిలోమీటర్లే. బండి పట్టేంత వెడల్పు, గట్టిగా అణిగిన సన్న కంకర, ఎత్తుపల్లాలు దాదాపు లేవు. రెండోది క్లూథా నది ఒడ్డున విల్లో చెట్ల నీడలో పోయే 12 కిలోమీటర్ల మట్టిబాట. ఇరుకుగా ఉంటుంది, వేర్లు అడ్డొస్తాయి, కానీ నది పక్కనే ఉంటుంది. వెళ్ళేటప్పుడు రైలు కట్ట మీద పొండి, చేయి కుదిరితే నది ఒడ్డున తిరిగి రండి. ఆ 20 కిలోమీటర్లలోనే ఆయన సంగతి మీకు తెలిసిపోతుంది.

రెండో రోజు క్రామ్‌వెల్. పాత ఊరి దగ్గర మొదలుపెట్టి, సరస్సు అంచునే బానక్‌బర్న్ వంతెన దాకా వెళ్ళి, అవతలి ఒడ్డున కార్నిష్ పాయింట్ చూసి వెనక్కి రండి. ఇదంతా సులువైన దారి, తోటలు ఉండేదీ ఇక్కడే. కార్నిష్ పాయింట్ దాటాకే లోయ మొదలవుతుంది. కెయిర్న్‌మ్యూర్ ఎక్కుడు, కొండకు బోల్టులతో బిగించిన చెక్క వంతెనలు, 86 మీటర్ల పొడవున్న వేలాడే వంతెన అన్నీ ఆ భాగంలోనివే. మీరు ఫొటోల్లో చూసింది అదే. 2021 మేలో తెరిచారు. అక్కడి దాకా వచ్చి, "ఇంకా పోదాం" అని ఆయనే అంటే మూడో రోజు పొండి. మీరు మాత్రం బలవంతపెట్టొద్దు.

ఇక కంకర సంగతి. మీ నాయన పొలం గట్ల మీద తొక్కినవాడు, మీకంటే ఆయనకే బాగా తెలుసు. సన్న టైరు మాత్రం వద్దు. 40 మిల్లీమీటర్లో, అంతకంటే వెడల్పుదో అడగండి. గాలి రాయిలా బిగించి ఇస్తే కొంచెం తీయించండి. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. వదులు కంకర కనిపిస్తే హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా, తొక్కుడు ఆపకుండా నేరుగా పోనివ్వాలి. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి గానీ మలుపులో బ్రేకు పట్టకూడదు.

అసలు జాగ్రత్త బ్రేకుల దగ్గరే ఉంది. అట్లాస్ సైకిల్ రాడ్ బ్రేకులు పిడికిలంతా బిగిస్తే గానీ పట్టవు. ఆయన చేతికి అదే అలవాటు. ఇక్కడ అద్దెకిచ్చేవాటికి చాలావరకు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉంటాయి. ఒక్క వేలు ఆనిస్తే చాలు, పట్టేస్తాయి. పాత అలవాటు కొద్దీ ముందు బ్రేకు పిడికిలి బిగించాడంటే మనిషి హ్యాండిల్ మీద నుంచి ముందుకు పడతాడు. కార్ పార్కులో అరగంట సేపు, చూపుడు వేలు ఒక్కటే లివర్ మీద పెట్టి, మిగతా మూడు వేళ్ళతో గ్రిప్ పట్టుకుని ఆగడం, కదలడం చేయించండి.

బ్రేకు ప్యాడ్లు కూడా చూసుకోండి. నాకోసారి అద్దె సైకిల్‌తో కెయిర్న్‌మ్యూర్ దిగుతుంటే వెనక చక్రం దగ్గర ఇనుము ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. దిగి చూస్తే ప్యాడ్ పూర్తిగా అరిగిపోయింది. బయల్దేరే ముందు రెండు నిమిషాలు వంగి చూసుంటే సరిపోయేది. మిగిలిన దిగుడంతా నడుచుకుంటూ దిగాను.

ప్రశ్న (ఆక్లాండ్ నుంచి)

అన్నా, బ్రేకుల సంగతి నాకు తట్టనే లేదు. చాలా మంచి మాట చెప్పారు. ఎలక్ట్రిక్ సైకిల్ గురించి కూడా చెప్పండి. అమ్మ సైకిల్ తొక్కదు, ఆమె ఏం చేయాలి?

జవాబు (క్రైస్ట్‌చర్చ్ నుంచి)

అమ్మగారి గురించి నేను చెబుతాను. క్రామ్‌వెల్ నుంచి క్లైడ్‌కు రోడ్డు మీద 20 కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. మీలో ఒకరు ఆమెతో కారులో వెళ్ళి క్లైడ్‌లో ఉండండి. చిన్న ఊరు, రాతి ఇళ్ళు, కూర్చోడానికి కెఫేలు ఉన్నాయి. దారిలో పండ్ల అంగళ్ళు వస్తాయి. డిసెంబర్ చివరికి చెర్రీలు బాగా దిగుతాయి. ఎవరికీ కారు నడపాలని లేకపోతే సైకిళ్ళతో సహా తీసుకెళ్ళే షటిల్ వ్యాన్లున్నాయి.

సైకిల్ ఎక్కే ఆడవాళ్ళెవరైనా ఉంటే చున్నీ తీసి సంచీలో పెట్టండి. వెనక చక్రంలో చుట్టుకుని మా చెల్లెలు పడింది. మోచేయి దోక్కుపోవడంతో సరిపోయింది.

తిండి మీరే తీసుకెళ్ళడం మేలు. పులిహోర, దద్దోజనం ఎండకు ఆగుతాయో లేదో చూసుకోండి, 30 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇక్కడి ఎండ వేడిగా అనిపించకపోయినా చర్మాన్ని మాడ్చేస్తుంది. హెల్మెట్ లేకుండా తొక్కడం చట్టరీత్యా కుదరదని నాయనగారికి ముందే చెప్పండి. మా నాన్న తలపాగా చాలదా అని గంట వాదించారు.

జవాబు (డునెడిన్ నుంచి)

ఎలక్ట్రిక్ సైకిల్ లోయ భాగానికి తీసుకోండి. మొదటి రెండు రోజులకు వద్దు. అది బరువుగా ఉంటుంది, పెడల్ మీద కాలు పడగానే ముందుకు లాగుతుంది. ఆగి ఉన్నప్పుడు పెడల్ మీద కాలు పెట్టకూడదనే అలవాటు ముందు కావాలి. మోటార్ తక్కువ స్థాయిలోనే ఉంచండి. మధ్యాహ్నం తర్వాత లోయలో ఎదురుగాలి లేస్తే బ్యాటరీ అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. గాలి ఎటు నుంచో పొద్దున్నే చూసుకుని బయల్దేరండి. వాయవ్యపు గాలైతే క్రామ్‌వెల్ నుంచి క్లైడ్ వైపు పోవడం హాయి, వీపున తోస్తుంది. చెక్క వంతెనల మీద ఎదురుగా మనిషి వస్తే మీరే ఆగి దారివ్వండి. దారి పక్కన అడవి గులాబీ ముళ్ళుంటాయి, మన పల్లేరుకాయల్లాగే టైర్లలో దిగుతాయి. స్పేర్ ట్యూబు, పంపు వెంట ఉంచుకోండి.

వైన్ తాగనివాళ్ళకు ఏముంటుంది అన్నావు కదా. మీ నాయన రైతు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబెషాహి ద్రాక్షతోటలు పందిళ్ళ మీద పాకేవని ఆయనకు తెలిసే ఉంటుంది. ఇక్కడ తీగెను పందిరికెక్కించరు. వరుసగా ఇనుప తీగలు లాగి నిలువుగా కడతారు. ఎక్కువ భాగం పినో నువార్ అనే నల్ల ద్రాక్ష. తోటల మధ్య స్తంభాల మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు కనిపిస్తాయి. వసంతంలో చిగురు మీద మంచు గడ్డకట్టకుండా పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోస్తాయి. అది చూశాక ఆయన ప్రశ్నలు ఆగవు చూడు. చాలా తోటల్లో భోజనం కూడా పెడతారు, వైన్ తీసుకోవాలని లేదు.

ఇంకోటి. కార్నిష్ పాయింట్ దగ్గర సైకిళ్ళు ఆపి, దారి పక్కన రాళ్ళ మధ్య బూడిదరంగు ఆకులతో పొట్టిగా ఉండే మొక్కను రెండు వేళ్ళతో నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టు. వాము వాసన వస్తుంది. అది అడవి థైమ్. వాములో ఉండే థైమాలే అందులోనూ ఉంటుంది.

అక్కడి నుంచే ఎదురుగా క్రామ్‌వెల్ కనిపిస్తుంది. దాన్ని మొదట జంక్షన్ అనేవాళ్ళు, అంటే సంగమం. కవరావు, క్లూథా నదులు అక్కడే కలిసేవి. 1992-93లో క్లైడ్ డ్యామ్ వెనక నీళ్ళు నింపినప్పుడు పాత ఊరి వీధి, లోయలోని పండ్ల తోటలు మునిగిపోయాయి. కొన్ని పాత ఇళ్ళను మాత్రం ఒడ్డుపైన మళ్ళీ కట్టుకున్నారు. శ్రీశైలం డ్యామ్ నీళ్ళ కింద సంగమేశ్వరం గుడి మునగడం మీ నాయన చూసి ఉంటాడు. ఈ కథ ఆయనకు నువ్వే చెప్పు.

ప్రశ్న వేసినవారి మాట (ఆక్లాండ్ నుంచి)

అన్నా, మా అవ్వగారి ఊరు ముంపులోనే పోయింది. నాయన ఆ మాట ఎక్కువ ఎత్తడు. రాత్రి ఫోన్‌లో క్రామ్‌వెల్ గురించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎండాకాలం నీళ్ళు తగ్గితే అక్కడ కూడా గుడి బయటపడుతుందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక ఫోన్ అమ్మకిచ్చేశాను.

క్లైడ్‌లో మూడు రాత్రులు బుక్ చేశాను. 40 మిల్లీమీటర్ల టైర్లతో రెండు మామూలు సైకిళ్ళు చెప్పాను. ఎలక్ట్రిక్ సైకిల్ మూడో రోజు చూద్దాం.

జవాబు (డునెడిన్ నుంచి)

సీటు ఎత్తు ఆయనకు అలవాటైనంతే పెట్టించు తమ్ముడూ, రెండు కాళ్ళూ నేలకు ఆనేలా. షాపులో పైకి లేపుతారు, ఒప్పుకోవద్దు.